శనివారం వేళ్లు, ఆదివారం పాట

మొదటి రోజు, శనివారం: అరోరా, షికాగో

మా అక్కావాళ్లు ఉండేది షికాగో పక్కన అరోరాలో. ఇక్కడి తెలుగువాళ్లకు అరోరా అనగానే బాలాజీ గుడి గుర్తొస్తుంది. నేను దిగిన మర్నాడే అక్క కాఫీ చేతికిచ్చి ప్రోగ్రాం ఏంటని అడిగింది.

"నల్లవాళ్ల చర్చి పాటలు, గాస్పెల్ అంటారే, అవి పుట్టిన చర్చిలు, వాళ్ల గోడు చెప్పుకునే పాటలు బ్లూస్ వాయించిన చోట్లు చూద్దామని. షికాగో, మెంఫిస్, న్యూ ఆర్లీన్స్. ఆరు రోజులు."

"ఆ రెంటికీ ఎలా కుదుర్తుందిరా? బ్లూస్ అంటే తాగి పాడుకునే పాటలు కదా!"

వందేళ్ల కిందట షికాగోలో నల్లవాళ్ల పెద్ద పెద్ద చర్చిల పెద్దలు అడిగింది కూడా అదే. అక్కకు ఆ మాట చెబితే నవ్వి, పులిహోర కలపడానికి లేచింది.

నాకీ పిచ్చి అంటించింది మా మేనమామ. తెనాలి దగ్గర మా ఊళ్లో ఆదివారం చర్చిలో హార్మోనియం ఆయనదే. శనివారం రాత్రి చుట్టుపక్కల ఎక్కడ పద్య నాటకం పడినా అక్కడి హార్మోనియమూ ఆయనదే. తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరి, తొమ్మిదింటికల్లా ఉతికిన చొక్కా తొడుక్కుని చర్చిలో కూర్చునేవాడు. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన, "ఏమయ్యా, కీర్తనలో నాటకం వాసనొస్తోందే" అన్నాడు. మామయ్య పెట్టె మూత వేస్తూ, "వేళ్లు అవేగా అండీ" అన్నాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఆ మాట బుర్రలో ఉండిపోయింది. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. దొరలు తెచ్చిన బాణీలు, మన కీర్తనల బాణీలు రెండూ మా చర్చిలో పాడతాం. దేవుడి పాటకు ఏ బాణీ తగుతుంది, ఏది తగదు అన్న తగువు మాకు కొత్త కాదు.

బావ కారు తీసి, షికాగో వెళ్లేలోగా అరోరాలోనే ఒకచోట ఆపమంటే ఆశ్చర్యపోయాడు. ఫాక్స్ నది మధ్య లంకలో లీలాండ్ టవర్ అని పొడుగాటి బిల్డింగు ఉంది. ఒకప్పుడది హోటల్. 1937లో బ్లూబర్డ్ రికార్డుల కంపెనీ వాళ్లు బ్లూస్ గాయకుల్ని ఇక్కడికి తీసుకొచ్చి రికార్డింగులు చేశారు. హార్మోనికా వాయించే సన్నీ బాయ్ విలియమ్సన్ తొలి రికార్డులు ఇక్కడివే.

"రోజూ దీని ముందు నుంచే పోతానోయ్, ఎవరూ చెప్పలేదు" అన్నాడు బావ.

గంటలో బ్రాంజ్‌విల్ చేరాం. షికాగో దక్షిణాన నల్లవాళ్ల పేట ఇది. 1910లో షికాగోలో నల్లవాళ్లు 44 వేలు, 1930కి 2 లక్షల 34 వేలు. దక్షిణాదిలో పత్తి చేలు, అప్పులు, కొట్టి చంపే గుంపులు వదిలి రైలెక్కి వచ్చినవాళ్లు. కింగ్ డ్రైవ్ రోడ్డులో వాళ్ల గుర్తుగా కంచు విగ్రహం ఉంది. తాడుతో కట్టిన సూట్‌కేసు పట్టుకుని, చెయ్యెత్తి నిలబడిన మనిషి. దగ్గరికెళితే కోటు వింతగా కనబడింది. అది గుడ్డ మడతల్లా లేదు. ఒంటినిండా అరిగిపోయిన చెప్పుల అడుగులు పేర్చి చేశారు. కొన్నింటికి చిల్లులు. బావ ఒక దాని మీద వేలు పెట్టి చూసి ఏమీ మాట్లాడలేదు. ఆయన అమెరికా వచ్చి ఇరవై రెండేళ్లయింది.

అక్కణ్ణుంచి 33వ వీధి, ఇండియానా అవెన్యూ మూల. పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చి. చర్చి అన్నానే గానీ, మిగిలింది గోడలు. అడ్లర్, సల్లివన్ అనే పేరున్న ఆర్కిటెక్టులు 1890–91లో యూదుల ప్రార్థనా మందిరంగా కట్టారు. 1920ల మొదట్లో నల్లవాళ్ల బాప్టిస్టు సంఘం కొనుక్కుంది. 2006 జనవరి 6న కప్పు మరమ్మతు చేస్తుంటే నిప్పంటుకుని లోపలంతా బూడిదైంది. కంచె అవతల రాతి గోడలకు ఇనప దూలాలు ఊతం పెట్టారు. గాస్పెల్ మ్యూజియం కడతామన్నారు. కంచె కన్నంలోంచి చూస్తే లోపల గడ్డి, ఆకాశం.

ఈ గోడల మధ్యే 1932 నుంచి థామస్ ఎ. డార్సీ గాస్పెల్ గాయక బృందాన్ని నడిపించాడు. ఆయన కథ కాస్త నిదానంగా చెప్పాలి.

డార్సీ 1899లో జార్జియాలో విల్లా రికా అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి బోధకుడు, తల్లి ఆర్గన్ వాయించేది. అట్లాంటా వచ్చాక పిల్లవాడు నాటకాల హాల్లో సోడాలమ్ముతూ అక్కడి పియానో వాళ్ల వేళ్లు చూసి నేర్చుకున్నాడు. షికాగో చేరాక ఇళ్లల్లో జరిగే పార్టీలకు వాయించేవాడు. పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలవకుండా మెత్తగా వాయించడం అతని విద్య. 1924లో మా రైనీ అనే పెద్ద బ్లూస్ గాయని షికాగోలో స్టేజీ ఎక్కితే బ్యాండు నడిపింది ఇతనే. ఆవిడ స్టేజీ మీద పెట్టిన భారీ గ్రామఫోను పెట్టె తలుపు తీసుకుని బయటికొచ్చి పాడేదట! 1928లో జార్జియా టామ్ పేరుతో, టాంపా రెడ్‌తో కలిసి డార్సీ చేసిన ఒక బూతు ధ్వనించే పాట దేశమంతా మోగిపోయింది.

ఇదే మనిషి ఆ రోజుల్లోనే దేవుడి పాటలూ రాస్తున్నాడు. కాగితాల మీద అచ్చువేయించి చర్చి చర్చికీ తిరిగి అమ్ముకోబోతే తలుపులు మూసేవారు. అప్పటి పెద్ద చర్చిల్లో హ్యాండెల్, మోజార్ట్ లాంటి యూరప్ సంగీతకారుల పాటలు పాడితేనే గౌరవం. ఊగడం, చప్పట్లు, కేకలు దక్షిణాది పల్లెటూరి మోటుతనం. కానీ కొత్తగా రైళ్లలో దిగినవాళ్లంతా ఆ మోటువాళ్లే. 1930లో షికాగోలో జాతీయ బాప్టిస్టు మహాసభలో అతని పాట ఒకటి పాడితే జనం ఊగిపోయారు. 1931లో ఎబెనీజర్ చర్చివాళ్లు పిలిచి, థియోడర్ ఫ్రైతో కలిపి గాస్పెల్ కోరస్ పెట్టించారు. మరుసటి సంవత్సరం పిల్‌గ్రిమ్ పాస్టరు జె. సి. ఆస్టిన్ పిలిచాడు.

నాకు అసలు రుచించేది ఇదీ: 1926 నుంచి 1932 దాకా అతను అటూ ఇటూ రెండూ చేశాడు. పుస్తకాల్లో "బ్లూస్ వదిలి గాస్పెల్‌కు వచ్చాడు" అని రాస్తారు. వదిలాడు, నిజమే. చేతులు మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

రెండో రోజు, ఆదివారం: షికాగో

ఏ చర్చికి వెళ్లానో పేరు చెప్పను. ఎవరో ఇంట్లోకి పిలిచి అన్నం పెడితే ఆ ఇంటి నంబరు అచ్చువేసినట్టుంటుంది. సౌత్ సైడ్‌లో ఒకప్పటి కొట్టు గదిని చర్చి చేసుకున్నారు. అరవై మందికి మించి పట్టరు. బావా నేనూ వెనక వరసలో సర్దుకున్నాం. పక్కన లేత ఊదారంగు టోపీ పెట్టుకున్న పెద్దావిడ. "మొదటిసారా, బేబీ?" అంది. నాకు నలభై ఎనిమిదేళ్లు. ఊఁ అన్నాను.

పియానో దగ్గర బట్టతలాయన, ఆయనకు ఎదురుగా హామండ్ ఆర్గన్ మీద పాతికేళ్ల కుర్రాడు, మూల డ్రమ్స్. నేను పాస్టరు ముఖం కన్నా పియానో ఆయన చేతులే ఎక్కువ చూశాను. తప్పే, కానీ అందుకేగా వచ్చింది.

పాత హిమ్, అంటే ఇంగ్లీషు కీర్తన ఒకటి మొదలుపెట్టారు. మా చర్చిలోనూ పాడతాం ఆ బాణీ, నిటారుగా, దెబ్బకో అక్షరం. ఈయన ఒక చరణం అలాగే వాయించాడు. రెండో చరణంలో ఎడమ చెయ్యి కదిలింది. ప్రతి దెబ్బా మూడు ముక్కలైంది. మన లెక్కలో చెప్పాలంటే నాలుగేసి లెక్క చతురశ్రంలో ఉన్న పాట మూడేసి లెక్క తిశ్ర నడకలోకి జారింది. పాట నెమ్మదించింది, కానీ బరువెక్కి ఊగడం మొదలైంది. ఎడమ చేతి చిటికెన వేలు కింది స్వరాన్ని నొక్కి, మెట్టు మెట్టుగా పైకి నడుస్తోంది. శనివారం రాత్రి బార్లలో ఎడమ చెయ్యి నడిచేదీ అలాగే. పాడేవాళ్లు గుక్క తిప్పుకునే ఖాళీలో కుడి చెయ్యి జవాబు చెబుతోంది. బ్లూస్‌లో గిటారు చేసే పని అది. ఒక లైను మనిషి పాడతాడు, మిగతాది వాయిద్యం పూర్తి చేస్తుంది.

ఇక గాంధారం, అంటే సరిగమల్లో 'గ' సంగతి. పాట సుఖంగా సాగుతూ దుఃఖం దగ్గరికి రాగానే ఆయన నల్ల మెట్టు మీద వేలు పెట్టి, వెంటనే పక్క తెల్ల మెట్టు మీదికి జార్చాడు. కింది 'గ' అయిన సాధారణ గాంధారం నుంచి పై 'గ' అయిన అంతర గాంధారానికి. జార్చేటప్పుడు ఒక లిప్త కాలం రెండూ కలిసి మోగాయి. బ్లూస్ పాడేవాళ్ల గొంతు ఈ రెంటి మధ్యా ఉన్న, ఏ మెట్టు మీదా దొరకని చోట నిలబడుతుంది. మనం గమకం అని వదిలేస్తాం. పియానోకు గమకం లేదు, అందుకే రెండు మెట్లూ నలిపి ఆ మధ్య చోటును భ్రమ పెడతారు. మామయ్య సరిగ్గా ఇదే చేసేవాడు. పద్యం సాగదీసే నటుడి గొంతును హార్మోనియం మీద పట్టుకోవాలంటే వేరే దారి లేదు. సంఘపెద్దకు వాసనొచ్చింది ఇక్కడే.

నేను చప్పట్లు కొడుతున్నాను. కాసేపటికి పక్కావిడ నా మణికట్టు పట్టుకుంది. మెల్లగా ఒక దెబ్బ ఆపి, తర్వాతి దెబ్బకు వదిలింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ వదిలింది. మన భజనలో మొదటి దెబ్బకే చప్పట్లు పడాలి. ఇక్కడ ఒకటి, మూడు పాదానివి. రెండు, నాలుగు చేతులవి. గదంతా ఒక వైపు, నేనొక్కణ్ణి ఒక వైపు ఇంతసేపూ. ముందు వరస పిల్ల వెనక్కి తిరిగి నవ్వింది. బావ అసలు చేతులు కట్టుకుని కూర్చున్నాడు, తెలివైనవాడు.

మధ్యాహ్నం 45వ వీధి దగ్గర ఎబెనీజర్ చర్చి బయట నిలబడి చూశాం. ఇదీ యూదుల మందిరమే, 1899లో అదే అడ్లర్ కట్టింది. డార్సీ మొదటి కోరస్ నిలబడ్డ చోటు. తర్వాత రాకెన్‌రోల్‌లో పేరు తెచ్చుకున్న బో డిడ్లీ చిన్నప్పుడు ఇక్కడే వయొలిన్ నేర్చుకున్నాడు. అక్కణ్ణుంచి వాబాష్ అవెన్యూలో ఫస్ట్ చర్చ్ ఆఫ్ డెలివరెన్స్. 1939లో టోపీల ఫ్యాక్టరీని చర్చిగా మార్చారు. అప్పుడే కెనెత్ మోరిస్ అనే జాజ్ కుర్రాడు ఇక్కడ హామండ్ ఆర్గన్ పెట్టించాడు. అతను న్యూయార్క్ నుంచి బ్యాండుతో 1934 ప్రపంచ ప్రదర్శనకు వచ్చి, జబ్బుపడి ఇక్కడే ఉండిపోయాడు. హామండ్ కూడా షికాగోలోనే తయారైన పెట్టె. ఇవాళ నల్లవాళ్ల చర్చి అనగానే చెవిలో మోగే ఆ వణుకు స్వరం ఇలా లోపలికొచ్చింది.

రాత్రి ఎనిమిదింటికి యూనియన్ స్టేషన్లో 'సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్' ఎక్కాను. అక్క పులిహోర, గోంగూర, పేపర్ ప్లేట్లు అన్నీ కట్టిచ్చింది. "మెంఫిస్‌లో రాత్రిపూట తిరక్కు" అని మూడుసార్లు చెప్పింది. నల్లవాళ్ల వలస రైళ్లు ఈ దారినే ఉత్తరానికి వచ్చాయి. నేను ఎదురు దిక్కుకు పోతున్నాను.

మూడో రోజు, సోమవారం: మెంఫిస్

పొద్దున ఆరున్నరకు దిగాను. నిద్ర లేదు. పక్క సీటాయన గురక బేస్ డ్రమ్ములా ఉంది, అది కూడా తిశ్రంలోనే.

స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో లొరెయిన్ మోటెల్. ఇప్పుడది పౌరహక్కుల మ్యూజియం. 306వ గది బాల్కనీకి పూలదండ వేలాడదీశారు. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం మార్టిన్ లూథర్ కింగ్ ఆ రెయిలింగు దగ్గర నిలబడి కింద ఉన్న బెన్ బ్రాంచ్‌ను పలకరించాడు. ఆయన శాక్సఫోన్ వాద్యకారుడు, షికాగో నుంచి బ్యాండు తెచ్చాడు. రాత్రి సభలో 'ప్రెషస్ లార్డ్' వాయించు, బాగా వాయించు అని అడిగాడు కింగ్. క్షణాల్లో తూటా తగిలింది.

ఆ పాట డార్సీదే. 1932 ఆగస్టులో అతను సెయింట్ లూయిస్‌లో సభల్లో ఉండగా తంతి వచ్చింది: భార్య నెటీ కాన్పులో చనిపోయింది. ఇంటికొస్తే పుట్టిన బిడ్డా దక్కలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకు షికాగోలో పోరో కాలేజీ అనే చోట పియానో ముందు కూర్చుని, 'మెయిట్‌ల్యాండ్' అనే పాత హిమ్ బాణీని తడుముతూ ఈ పాట కట్టాడు. ఆ తర్వాత బ్లూస్ రికార్డుల జోలికి పోలేదు. బాణీ చర్చిదే, కానీ ఆ ఒక్కో మాటకూ తీసుకునే సాగతీత, ప్రాధేయపడడం, ఒంటరిగా ఒక మనిషి తన గోడు తను చెప్పుకోవడం ఉన్నాయి చూశారూ, అవి పాత హిమ్ములో లేవు. హిమ్ము సంఘమంతా కలిసి పాడేది. ఒక్కడి గోడు వినిపించేది బ్లూస్‌లో. కింగ్ అంత్యక్రియల్లో ఈ పాట గాస్పెల్ గాయని మహేలియా జాక్సన్ పాడింది.

బాల్కనీ కింద చాలాసేపు నిలబడ్డాను. ఒక స్కూల్ బస్సు వచ్చి పిల్లలు దిగారు, గోల గోల. టీచరు ఏమీ అనకుండానే బాల్కనీ చూసి వాళ్లే ఊరుకున్నారు.

మధ్యాహ్నం మేసన్ టెంపుల్. చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ శాఖకు కేంద్రం. కింగ్ చివరి ప్రసంగం ఏప్రిల్ 3 రాత్రి ఇక్కడే. స్థాపకుడు చార్ల్స్ మేసన్ సమాధి కూడా లోపలే. బాప్టిస్టులు, మెథడిస్టులు ముక్కు మూసుకున్న వాటన్నింటికీ ఈ శాఖ తలుపు తీసింది. 150వ కీర్తనలో తంబురతో, తంతివాద్యాలతో, తాళాలతో స్తుతించమని ఉందిగా, మరి గిటారు ఎందుకు పాపం అన్నారు వీళ్లు. అందుకే డార్సీ కన్నా ముందే ఈ చర్చిల్లో బార్ల పియానో మోగింది. టెక్సస్‌కు చెందిన అరిజోనా డ్రేన్స్ అనే అంధురాలు 1926 జూన్‌లో షికాగో వచ్చి 'ఓకే' అనే రికార్డుల కంపెనీకి పాడింది. వింటే మాట దేవుడిది, ఎడమ చెయ్యి పక్కా రాగ్‌టైమ్, ఆ బార్ల పియానో బాణీయే. గాస్పెల్ పితామహుడని డార్సీకి పేరు. ఈవిడ పేరు మాత్రం మనలాంటి పిచ్చివాళ్లకే తెలుసు.

సాయంత్రం బీల్ స్ట్రీట్. నియాన్ లైట్లు, టూరిస్టులు, బీరు. పెద్దగా చెప్పడానికేం లేదు. ఒక్క సంగతి. బ్లూస్‌ను కాగితమెక్కించిన డబ్ల్యూ. సి. హ్యాండీ ఇల్లు ఇక్కడుంది. అతని తండ్రి పాస్టరు. కొడుకు చిన్నప్పుడు కూడబెట్టి గిటారు కొనుక్కుంటే, దయ్యం వస్తువని వెనక్కిచ్చి డిక్షనరీ తెమ్మన్నాడు. అక్క మాట విని చీకటి పడేలోగా రూముకు వెళ్లిపోయాను.

నాలుగో రోజు, మంగళవారం: కాటన్ ప్లాంట్

పొద్దున్నే టెన్షన్. నెల ముందే బుక్ చేసిన అద్దె కారు. కౌంటర్లో అమ్మాయి నా డెబిట్ కార్డు చూసి కుదరదంది, క్రెడిట్ కార్డే కావాలట. బుక్ చేసినప్పుడు ఆ ముక్క ఎక్కడా లేదు. ఉందట, కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. ఏ కంపెనీయో చెప్పను. గంటన్నర తిరిగి ఇంకో చోట దాదాపు రెట్టింపు డబ్బులకు, డిపాజిట్ కట్టి కారు తీసుకున్నాను. దాంతో క్లార్క్స్‌డేల్ ఎగిరిపోయింది. చర్చి పాటల్లో రాజులా వెలిగి 1950ల్లో పాప్ వైపు దాటిన సామ్ కుక్ పుట్టిన ఊరది. ఆ బాధ ఇంకా ఉంది.

మిసిసిపీ నది దాటితే ఆర్కాన్సా. నేల బల్లపరుపు. వరి కోసేసిన మళ్లు, సోయా, అక్కడక్కడా కాలవలు. బాపట్ల వైపు పోతున్నట్టే ఉంది, తాటిచెట్లు లేవంతే. బ్రింక్లీలో హైవే దిగాను. జంప్ బ్లూస్ అనే హుషారు బ్లూస్‌కు రాజు లూయీ జోర్డన్ ఈ ఊరివాడే, 1908. అక్కణ్ణుంచి ఉత్తరానికి 17వ నంబరు రోడ్డు. ఈ ముక్కకు గిటారు వాయిస్తూ గాస్పెల్ పాడిన సిస్టర్ రోజెట్టా థార్ప్ పేరు పెట్టారు. పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు, కాటన్ ప్లాంట్ వచ్చేసింది. 1915లో రోజెట్టా ఇక్కడ పుట్టింది.

ఊళ్లో ఏముంది అంటే ఏమీ లేదు. ఆరేడు వందల మంది కూడా లేని ఊరు. మూసేసిన కొట్లు, ఒక కుక్క, పెట్రోలు బంకు. బంకులో ఆయన్ని రోజెట్టా గురించి అడిగితే చేత్తో గాలిలో గిటారు వాయించి చూపించి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. నాకది సరిపోయింది.

తల్లి కేటీ బెల్ మాండలిన్ పట్టుకుని ఊరూరా సువార్త చెప్పేది. ఆ మేసన్ శాఖే. పిల్లకు గిటారిచ్చింది. షికాగోలో 40వ వీధి దగ్గర రాబర్ట్స్ టెంపుల్‌లో పిల్ల పాడుతుంటే జనం ఎగబడేవారు. 1938 అక్టోబరు 31న డెక్కా కంపెనీకి మొదటి రికార్డులు. వాటిలో ఒకటి డార్సీ పాటే, పేరు మార్చి 'రాక్ మీ' అన్నారు. ఆ ఏడాదే న్యూయార్క్‌లో కాటన్ క్లబ్బులో క్యాబ్ కాలొవే జాజ్ బ్యాండుతో, డిసెంబరు 23న కార్నెగీ హాల్లో. దేవుడి పాట, గ్లాసుల చప్పుడు మధ్య! చర్చివాళ్లు మండిపడ్డారు. ఆవిడ లకీ మిలిండర్ బ్యాండుతో తిరిగింది. అక్కడ వాళ్లు పాడమన్న చవకబారు పాటలూ కొన్ని పాడింది. మళ్లీ చర్చికొచ్చింది. మళ్లీ వెళ్లింది. 1944లో సామీ ప్రైస్ పియానోతో చేసిన 'స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే' మరుసటి సంవత్సరం నల్లవాళ్ల సంగీతపు చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. రాకెన్‌రోల్ అక్కడే మొదలైందనేవాళ్లున్నారు. నేను ఆ పంచాయతీలోకి దిగను, కానీ ఆ గిటారు విన్నాక మిగతావాళ్లు గొప్పగా అనిపించడం కష్టం.

1973లో ఫిలడెల్ఫియాలో పోయింది. దాదాపు ముప్పై ఐదేళ్ల దాకా సమాధి మీద రాయి లేదు. డార్సీకి అన్నేసి బిరుదులొచ్చాయి. అతను గీత దాటి చర్చిలోకి వచ్చాడు. ఈవిడ అటూ ఇటూ దాటుతూనే ఉంది, పైగా ఆడది. లెక్క అక్కడ తేడా కొట్టిందని నా అనుమానం.

తిరిగొచ్చేటప్పటికి చీకటి పడింది. మెంఫిస్‌లో ఈస్ట్ ట్రిగ్ చర్చి బయట కారు ఆపి ఒక్క నిమిషం చూశాను. ఇక్కడి పాస్టరు హెర్బర్ట్ బ్రూస్టర్ రాసిన 'మూవ్ ఆన్ అప్ ఎ లిటిల్ హయ్యర్' పాటను 1947లో మహేలియా రికార్డు చేస్తే పది లక్షలు దాటి అమ్ముడైంది. కుర్రవాడిగా ఎల్విస్ ప్రెస్లీ ఈ చర్చికొచ్చి వినేవాడు.

ఐదో రోజు, బుధవారం: రైల్లో

ఉదయం ఆరున్నర దాటాక మళ్లీ అదే రైలు. గ్రీన్‌వుడ్, యాజూ సిటీ, జాక్సన్. కిటికీలో పత్తి. పసుపు ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి బేళ్లు చేల గట్ల మీద దొర్లించి ఉన్నాయి. మనిషి కనబడడు, అంతా యంత్రాలే.

కెనెత్ మోరిస్ సంగతి ఒకటి చెబుతారు. ఆయన ఒకసారి షికాగో వచ్చే రైల్లో ఉండగా, ఏదో స్టేషన్లో గాలి పీల్చుకోవడానికి ప్లాట్‌ఫారం మీద దిగాడు. అక్కడ ఒక పోర్టరు ఏదో పాడుకుంటున్నాడు. మోరిస్ మళ్లీ పాడించుకుని, రాసుకుని రైలెక్కాడు. 1940లో అచ్చువేశాడు. అదే 'జస్ట్ ఎ క్లోజర్ వాక్ విత్ దీ'. ఆ పోర్టరు పేరు ఎవరూ రాసుకోలేదు.

మధ్యాహ్నం పులిహోర అయిపోయింది. సాయంత్రానికి పాంచర్‌ట్రెయిన్ సరస్సు పక్క చిత్తడి నేలలు, నీళ్లలో నిలబడ్డ చెట్లు, తర్వాత న్యూ ఆర్లీన్స్.

ఆరో రోజు, గురువారం: న్యూ ఆర్లీన్స్

కాంగో స్క్వేర్‌లో పొద్దున్నే ఎవరూ లేరు. రాళ్లు పరిచిన మైదానం, ఓక్ చెట్లు. బానిసలుగా ఉన్న ఆఫ్రికావాళ్లు ఆదివారాలు ఇక్కడ చేరి డోళ్లు వాయించి ఆడేవారు. అప్పటికే ఆదివారానికి ఈ ఊళ్లో రెండు చప్పుళ్లు ఉన్నాయన్నమాట. పక్కనే మహేలియా జాక్సన్ పేరుతో పెద్ద థియేటరుంది.

మహేలియా 1911లో ఈ ఊళ్లోనే, నది కట్ట దగ్గర పేదల పేటలో పుట్టింది. తల్లి చిన్నప్పుడే పోతే తల్లి తోబుట్టువు పెంచింది, మహా కచ్చితం. ఇంట్లో దేవుడి పాట తప్ప ఇంకోటి వినకూడదు. అయినా ఆ పిల్ల బెస్సీ స్మిత్ బ్లూస్ రికార్డులు దొంగచాటుగా విని గొంతు ఎలా పెంచాలో నేర్చుకుంది. ఇంటి పక్కనే మేసన్ తరహా చర్చి. అక్కడ డ్రమ్ము, తాళాలు, పాదాల మోత. తను వెళ్లేది బాప్టిస్టు చర్చికి, చెవి మాత్రం గోడ అవతల. పదిహేను, పదహారేళ్లకు షికాగో రైలెక్కింది. తర్వాత డార్సీ పాటలు వీధి మూలల్లో పాడి, ఆయన కాగితాలు అమ్మింది. బ్లూస్ పాడమని ఎంత డబ్బు చూపించినా ఒప్పుకోలేదు. కానీ 1958లో డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బ్యాండుతో రికార్డు చేసింది. గీత ఎక్కడ గీసుకుందో ఆవిడకే తెలుసు.

1971లో, చనిపోవడానికి ఏడాది ముందు, ఇండియా వచ్చింది. కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, బొంబాయి. ఢిల్లీలో ఇందిరాగాంధీ వచ్చి విన్నది. మామయ్యకు అప్పుడు ఇరవై ఏళ్లు. మద్రాసు ఒక్క రాత్రి ప్రయాణం. ఆవిడ వచ్చినట్టు ఆయనకు తెలియదు, తెలిసే దారీ లేదు.

మెటైరీలో ఎయిర్‌లైన్ డ్రైవ్ పక్క శ్మశానంలో ఆవిడ సమాధి చూసి, నాలుగింటికి జాక్సన్ స్క్వేర్‌కు వచ్చాను. చర్చి ముందు వీధి బ్యాండు: రెండు ట్రంపెట్లు, ట్రాంబోన్, ట్యూబా, క్లారినెట్, మెడకు తగిలించుకున్న డ్రమ్ము. ఎండిపోయిన ప్లాస్టిక్ బకెట్లో నోట్లు. ఆరింటికల్లా జనం పలచబడ్డారు. ట్యూబా ఆయన నీళ్లు తాగి, ఏదో చెప్పి మొదలుపెట్టాడు. 'జస్ట్ ఎ క్లోజర్ వాక్ విత్ దీ'. శవాన్ని సాగనంపేటప్పుడు ఈ ఊళ్లో నడిచినట్టే, అడుగు వేసి ఆగినట్టు.

మన దగ్గర అప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర. మామయ్య నాలుగింటికే లేచి ప్రార్థన చేసుకుంటాడు. వాట్సాప్ కాల్ చేశాను. తెర మీద ఆయన నుదురు, ఫ్యాను కనబడ్డాయి.

"ఎవరు పోయార్రా?" అన్నాడు కంగారుగా.

"ఎవరూ పోలేదు మామయ్యా. ఊరికే రోడ్డు మీద వాయిస్తున్నారు."

"చావు మేళంలా ఉందేంట్రా మరి."

"అదే. దేవుడి పాటే, చావుకీ వాయిస్తారు, బార్లలో కూడా వాయిస్తారు."

ఆయన మాట్లాడలేదు. ఫోన్ చెవికి పెట్టుకున్నట్టున్నాడు, తెరంతా నల్లగా అయింది. ట్రంపెట్లు తగ్గాయి. క్లారినెట్ కుర్రాడు ముందుకొచ్చి, కళ్లు మూసుకుని, ఒక స్వరాన్ని కిందినుంచి లాగి లాగి పూర్తిగా పైకి తేకుండా వదిలేశాడు.

"ఒరేయ్ అబ్బాయ్," అన్నాడు మామయ్య, "వాడు ఆ గాంధారం ఎక్కడ పట్టుకున్నాడ్రా? దగ్గరికెళ్లు. ఫోన్ వాడి దగ్గరగా పెట్టు."

బకెట్లో ఐదు డాలర్లు వేసి, ఫోన్ చాపి పట్టుకుని ముందుకు వెళ్లాను.